సీవోపీఎం ఫారం: తలకు దెబ్బ తగిలినవాళ్ల దగ్గర ఎంతవరకు పనికొస్తుంది?

కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్‌ని ఆక్యుపేషనల్ థెరపీలో, అంటే జబ్బో దెబ్బో తగిలినవాళ్లు రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చూసే వృత్తిలో, ఉన్నవాళ్లంతా సీవోపీఎం అనే అంటారు. మేరీ లా, స్యూ బాప్టిస్ట్ తదితరులు తయారుచేయగా 1991లో మొదటిసారి అచ్చయింది. ఇది పరీక్ష కాదు. అరగంట, ముప్పావుగంట పట్టే సంభాషణ, దానికో ఫారం. థెరపీ ఎక్కడ మొదలుపెట్టాలో పేషెంటే చెప్పాలన్నది దీని పట్టు. మనిషి చేత నోరు విప్పించడానికి ఇంత మంచి సాధనం మరొకటి చూడలేదు. అందులో పేషెంటు తనకు తాను వేసుకునే మార్కుల సంగతి వేరు. మెదడుకు దెబ్బ తగిలిన కేసుల్లో మొదట్లో వచ్చే అంకెల్ని యథాతథంగా నమ్మితే బోల్తా పడతాం.

వాడే పద్ధతి తేలికే. సొంత పనులు, ఉద్యోగం-ఇంటిపని-చదువు, తీరిక అనే మూడు భాగాల్లో రోజంతా ఏం చేస్తారో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో అడగాలి. ప్రతి ఇబ్బందికీ అది ఎంత ముఖ్యమో 1 నుంచి 10లో చెప్పించాలి. వాటిలోంచి ఎక్కువలో ఎక్కువ ఐదు ఎంచుకుని, ఒక్కోదానికి రెండు మార్కులు వేయించాలి: ఇప్పుడు ఎలా చేస్తున్నారు, దానితో ఎంత తృప్తిగా ఉన్నారు. చేయడానికి 3, 2, 4, 1, 5 వేస్తే మొత్తం 15, ఐదుతో భాగిస్తే 3. కొన్ని వారాల థెరపీ తర్వాత మళ్లీ అడిగితే 5 వచ్చిందనుకోండి, తేడా 2. రెండు పాయింట్లు పెరిగితే చెప్పుకోదగ్గ మార్పని లెక్క. ముఖ్యం ఎంత అన్న మార్కు ఎంపిక కోసమే, సగటులో కలపకూడదు. కొత్తవాళ్లు తరచూ తప్పేది ఇక్కడే.

దీని అసలు బలం వివరంలో బయటపడుతుంది. కుడిచేతి పట్టు పోయిన మనిషికి ‘తినడం’ అనే గడి చూడగానే థెరపిస్టు ఎడమచేత్తో స్పూను అలవాటు చేద్దామనుకుంటారు. అడిగి చూస్తే జవాబు వేరు: ‘ఇంట్లో ఎలాగో కానిచ్చేస్తానండీ, పెళ్లి పంక్తిలో నలుగురి మధ్య ఎడమచేత్తో ఎలా తినను?’ దాంతో పని మొత్తం మారిపోతుంది. కుడి అరచేతికి పట్టీ వేసి అందులో లావు పిడి స్పూను దూర్చడం, అంచున్న పళ్లెం, అది జారకుండా కింద తడిగుడ్డ, పప్పన్నం కాస్త గట్టిగా ముందే కలిపి పెట్టడం. ఇదేదీ చెక్‌లిస్టు చూసి రాయగలిగింది కాదు.

మన ఇళ్లలో మొదటి చిక్కు, ప్రశ్న పేషెంటుని అడిగితే జవాబు భార్యో అన్నయ్యో చెప్పేస్తారు. పేషెంటుతో విడిగా ఒక ఫారం, ఇంట్లోవాళ్లతో ఇంకోటి నింపండి, రెండూ కలపకండి. పేషెంటు ఫారంలో ‘బండి నడపాలి’కి 10 ఉంటుంది, భార్య ఫారంలో ఆ మాటే ఉండదు. కొట్టేయకూడదు, ఒప్పేసుకోనూ కూడదు. ఫిట్స్ భయం, ఎడమవైపు గమనించకపోవడం, స్పందన నెమ్మదించడం ఉన్నంతకాలం బండి డాక్టర్ అనుమతి మీద ఆధారపడిన విషయమని సూటిగా చెప్పి, బండి ఎందుకో అడగండి. ‘ఎవరినీ అడగకుండా బజారుకెళ్లి రావాలి’ అన్నది చాలాసార్లు అసలు సంగతి. అక్కడ రోడ్డు దాటడం, ఆటో మాట్లాడుకోవడం, ఫోన్‌పే పిన్ గుర్తుంచుకోవడం మొదలుపెట్టొచ్చు.

ఇక మార్కుల సంగతి. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి తమ లోపం తమకు తెలియదు. మొండితనం కాదు, దెబ్బలో భాగమే. అందుకే మొదటి వారం అన్నిటికీ 9 వేస్తారు. రెండు నెలలకు తెలివిడి పెరిగి 5 వేస్తారు. కాగితం మీద దిగజారినట్టు కనిపిస్తుంది, నిజానికి అది మెరుగుదల. ఈ ముక్క రిపోర్టులో రాయకపోతే ఇంట్లోవాళ్లు థెరపీ మానిపించేస్తారు.

దీనికి విరుగుడు, పని చేయించాకే మార్కు అడగడం. టీ పెట్టడమే ఉదాహరణగా తీసుకోండి. ‘ఎన్నిసార్లు గుర్తుచేయాల్సి వస్తుంది?’ అని ముందే అడిగి రాసుకోండి. ‘ఒక్కసారి కూడా అక్కర్లేదు’ అంటారు. చేయిస్తే, పాలు పెట్టి టీపొడి డబ్బా కోసం తిరిగి, స్టవ్ వెలుగుతోందన్న సంగతే మర్చిపోతారు. ఎడమ బర్నర్ మీద గిన్నె ఉన్నా కంట పడదు. గిన్నె దించాక మంట ఆర్పరు. మీరు రెగ్యులేటర్‌కి చేయి అందేచోటే నిలబడాలి. నాలుగుసార్లు గుర్తుచేస్తే నాలుగు గీతలు గీసి, వాదించకుండా ఆ కాగితం ముందు పెట్టండి. ఆ తర్వాత వేసే మార్కుకి విలువుంటుంది. జ్ఞాపకం బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇదొక్కటే దారి. ‘గత వారం ఎలా చేశారు’ అంటే వాళ్లు ఊహించి చెబుతారు.

దెబ్బ తగిలిన కొత్తలో, రోజూ తేదీ, చోటు తెలియని దశలో ఈ ఫారం తీయకండి. మాట పోయినవాళ్లకు ఉన్నదున్నట్టు పనికిరాదు. వాళ్లింటి బకెట్టు, వంటగది, గుడి మెట్లు ఫోన్లో ఫొటోలు తీసి చూపిస్తూ, ముఖ్యం-కాదు అని రెండు దొంతరలుగా పెట్టిస్తే కొంత నడుస్తుంది. తీరిక భాగం మనవాళ్ల దగ్గర చప్పగా సాగుతుంది. ‘హాబీలేంటి’ అనకుండా ‘సాయంత్రం నాలుగు తర్వాత ఎక్కడ కూర్చునేవారు, ఎవరితో?’ అని అడగండి.

ఫారాలు, మాన్యువల్ కొనుక్కోవాల్సినవే. జిరాక్సులతో నడిపించే అలవాటు చాలాచోట్ల ఉంది గానీ కాపీరైటు ఉన్న సరుకది. ప్రగతిని అంకెల్లో చూపించి తీరాలంటే 1968లో కిరెసుక్, షెర్మన్ ప్రతిపాదించిన గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్‌ని జత చేయండి. దాంట్లో −2 నుంచి +2 దాకా ఒక్కో మెట్టు ఏమిటో ముందే రాసి పెట్టుకుంటాం. ‘రెండుసార్లు గుర్తుచేస్తే టీ పెట్టగలగడం’ సున్నా అనుకుంటే, ‘ఒక్కసారి గుర్తుచేస్తే చాలు’ అన్నది +1 అవుతుంది. పేషెంటు 9 వేసుకున్నా 5 వేసుకున్నా ఆ మెట్టు మారదు.