క్యాంటర్‌కు తొందర వద్దు: రెండేళ్ల గుర్రపు స్వారీ శిక్షణ తర్వాత

హైదరాబాద్ శివారులో రెండేళ్లుగా వారానికి రెండు తరగతుల చొప్పున గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను. కొత్తగా చేరిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒక్కటే: గుర్రాన్ని ఎప్పుడు పరిగెత్తిస్తారు? నేను నేర్చుకున్న రెండు చోట్లా దీనికి రెండు వేర్వేరు జవాబులు దొరికాయి.

మొదటి చోట ఆరో తరగతికే క్యాంటర్, అంటే గుర్రం ఒక మోస్తరు వేగంతో తీసే పరుగు, చేయించారు. నాకు ఇచ్చింది పందేలు మానిన థరోబ్రెడ్ (రేసు జాతి) గుర్రం. అది ఊపందుకోగానే భయంతో మోకాళ్లు బిగించి పగ్గాలు లాగాను. మోకాళ్లు బిగిస్తే మడమలు పైకి లేచి గుర్రం డొక్కలకు తగులుతాయి. చేతులు ఆగమంటున్నాయి, మడమలు పరిగెత్తమంటున్నాయి. పాపం, ఆ గుర్రం ఏ మాట వినాలి? మలుపులో కింద పడ్డాను. హెల్మెట్ వల్ల తలకు ఏమీ కాలేదు కానీ, భుజం నొప్పి తగ్గడానికి ఆరు వారాలు పట్టింది.

రెండో చోట నాలుగున్నర నెలలు నడక, ట్రాట్ (నడకకూ క్యాంటర్‌కూ మధ్య వేగం) మాత్రమే. ట్రాట్‌లో గుర్రం ఐమూలగా ఉన్న కాళ్లను జంటగా వేస్తుంది. అడుగడుగుకీ మనిషి ఎగిరిపడతాడు. శిక్షకుడు పొడవాటి తాడుతో గుర్రాన్ని వలయంగా తిప్పుతుంటే, రికాబులు లేకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. నా చిటికెన వేళ్లను గుర్రం మెడకు కట్టిన తోలు పట్టీకి తగిలించమనేవారు. ఒళ్లు ఎగిరినప్పుడల్లా పట్టీ బిగుసుకునేది. అది ఒక చుట్టంతా వదులుగా ఉన్న రోజున, ‘ఇక క్యాంటర్’ అన్నారు.

అప్పుడు తెలిసింది, మూడు దరువుల లయతో సాగే క్యాంటర్ ఊయలలా ఉంటుందని, ట్రాట్ కంటే సుఖమని. కష్టమంతా మళ్లీ ట్రాట్‌లోకి దిగేటప్పుడే. చాలామంది ముందుకు తూలేది అక్కడే. ట్రాట్ రానివారికి క్యాంటర్ నుంచి దిగే దారి లేదన్నమాట.

వర్షాకాలంలో మైదానం బురదైతే తరగతులు రద్దవుతాయి. అదే వలయంలో నెలల తరబడి తిరగడం విసుగే. నాతో చేరిన పదేళ్ల పాప రెండు నెలల్లోనే క్యాంటర్‌కు వెళ్లింది. కాబట్టి ఇన్ని నెలలని లెక్క కట్టకండి. చేరేముందు ఒక తరగతి చూడండి. ట్రాట్‌లో ఉన్నవారి చేతులు ఎగిరెగిరి పడుతూ, పగ్గాల కుదుపుకు గుర్రం నోరు తెరుస్తున్నా, శిక్షకుడు ‘ఇంకా వేగం’ అంటుంటే అక్కడ డబ్బు కట్టకండి.