దాత అండం కోసం సరిహద్దు దాటేవాళ్లకు: ప్రాగ్, అలికాంటె, ఏథెన్స్

జర్మనీలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు అండదానం అక్కడ దొరకదు. 1990 నాటి పిండ పరిరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. శిక్ష డాక్టరుకే గానీ చికిత్స చేయించుకున్న మహిళకు కాదు. ఆ భయంతోనే కొందరు గైనకాలజిస్టులు ముందస్తు స్కాన్ తీయడానికీ వెనకాడతారు. టికెట్లు కొనేముందే స్కాన్ ఎవరు తీస్తారో ఖాయం చేసుకోండి.

ఊరు ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు వయసు చూడాలి. ప్రాగ్ ఉన్న చెక్ రిపబ్లిక్‌లో 49 ఏళ్లు నిండేలోపే చేయాలి, భాగస్వామి సంతకం తప్పనిసరి. ఒంటరి మహిళలకు అవకాశమే లేదు. అలికాంటె ఉన్న స్పెయిన్‌లో ఒంటరి మహిళలకూ చేస్తారు, కానీ క్లినిక్కులు సాధారణంగా 50 దగ్గర ఆపేస్తాయి. గ్రీస్‌లో 2022 సవరణతో పరిమితి 54కి పెరిగింది. 50 దాటితే జాతీయ అథారిటీ అనుమతి కావాలి, దానికి వేరే సమయం పడుతుంది.

స్పెయిన్, చెక్‌లలో దాత ఎవరో చెప్పరు, ఎంపిక క్లినిక్‌దే. మన ఛాయ దాతలు అక్కడ చాలా అరుదు. పోలికే ముఖ్యమైతే హైదరాబాదే నయం. భారత్‌లో 2021 చట్టం ప్రకారం భార్యకు 50, భర్తకు 55 దాటకూడదు.

ప్రయాణాలు మామూలుగా రెండు. మొదటిదాంట్లో రక్తపరీక్షలు, వీర్యం ఫ్రీజింగ్. తర్వాత ఇంట్లోనే గర్భాశయ పొరను మందంగా చేసే హార్మోన్, ఎస్ట్రడయోల్ 2 మి.గ్రా. మాత్రలు, ఎక్కువగా రోజుకు మూడు. పది పన్నెండు రోజులకు స్కాన్‌లో గర్భాశయ పొర కనీసం 7 మి.మీ. ఉండాలి. పలచగా ఉంటే మోతాదు పెంచుతారు, లేదా వాయిదా వేస్తారు. అందుకే తేదీ మార్చుకునే టికెట్టే కొనాలి. పొర కుదిరాక, పిండం అతుక్కునేలా దాన్ని సిద్ధం చేసే హార్మోన్ ప్రొజెస్టరాన్ మొదలుపెడితే, ఆరో రోజున ఐదు రోజుల పిండాన్ని పెడతారు (దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు). ప్రొజెస్టరాన్ మొదలుపెట్టడం ఒకరోజు అటూఇటూ అయినా లెక్క తప్పుతుంది.

డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు రైల్లో రెండున్నర గంటలు చాలు. విమానంలో వస్తే 59 నంబరు ట్రాలీబస్సు మెట్రో దాకా దింపుతుంది. అలికాంటెలో విమానాశ్రయం నుంచి ఊళ్లోకి సీ6 బస్సు ఉంది. హోటల్ కంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంటే మేలు. ట్రాన్స్‌ఫర్‌కు మత్తు అక్కర్లేదు, కొన్ని నిమిషాల పని. తర్వాత మంచం పట్టాల్సిన పనీ లేదు.

అసలు చిక్కు తిరిగొచ్చాకే. ఇలా మాత్రలతో నడిపే, సొంత అండం విడుదల కాని నెలసరి చక్రంలో ఒంట్లో ప్రొజెస్టరాన్ తయారవ్వదు. మాయ (ప్లాసెంటా) ఆ పని అందుకునేదాకా, అంటే 10–12 వారాలు, బయటి మందే దిక్కు. అన్ని వారాలకూ సరిపడా ప్రిస్క్రిప్షన్‌ను కాగితం మీద, మందు జెనరిక్ పేరుతో రాయించుకోండి. బ్రాండ్ పేరు దేశం మారితే పనికిరాకపోవచ్చు.

దాత అండంతో గర్భం వస్తే బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువ. 45 దాటితే ఇంకా ఎక్కువ. ప్రసూతి డాక్టరుకు ఈ సంగతి దాచొద్దు. తొలి వారాల్లోనే ఆస్పిరిన్ అవసరమా అని అడగండి. దాత వయసు, రక్తం గ్రూపు కూడా క్లినిక్ నుంచి రాతలో తీసుకోండి. డౌన్ సిండ్రోమ్ స్క్రీనింగ్ ఫారంలో దాత వయసు రాయకపోతే, 26 ఏళ్ల అండానికి 47 ఏళ్ల లెక్కన ముప్పు చూపించి అనవసరంగా ఉమ్మనీటి పరీక్షకు పంపుతారు.