తాటాకు మంటా, ఊక పొయ్యా? రైఫిల్లో పోత గుండుకు ఏ మందు మేలు?

విశాఖపట్నంలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు మీదుగా రోజూ వేలమంది వెళుతుంటారు. ఆ మూడక్షరాలు నావికాదళ ఆయుధాగారానివని వాళ్లలో ఎంతమందికి గుర్తుంటుందో! ఆ కూడలికి దగ్గర్లోనే కాపురముంటూ, చాలా ఏళ్లు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ని. మందుగుండు అన్న మాట వింటే ఇప్పటికీ చెవి అటే పోతుంది. అందుకే టెక్సాస్‌లో ఉంటున్న మా బావమరిది సంక్రాంతికి వచ్చి అడిగిన ప్రశ్నను వదిలిపెట్టలేకపోయాను.

“బావగారూ, నేను సీసంతో గుండ్లు పోసుకుని రైఫిల్లో వాడుతున్నాను. వాటి వెనక పిస్తోలు మందు మంచిదా, రైఫిలు మందు మంచిదా? అక్కడ తలా ఒక మాట చెబుతున్నారు.”

అతనున్న చోట సొంత వాడకానికి తూటాలు చేసుకోవడం చట్టం ఒప్పుకున్న పనే. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆ పని చేయడం నేరం. కాబట్టి ఇది అక్కడి పని గురించిన చర్చ. కొలతలు నేను రాయను. వాటిని మందు తయారుచేసిన కంపెనీ అచ్చువేసిన పట్టికల్లోనే చూసుకోవాలి, ఎవరి నోటి మాటనూ నమ్మకూడదు.

ముందు రెండు మందులకూ తేడా ఏమిటో చూద్దాం. పిస్తోలు బ్యారెల్, అంటే గుండు దూసుకుపోయే ఇనుప గొట్టం, పొట్టిది. గుండు బయటపడేలోపు మందంతా కాలిపోవాలి, అందుకే అది తాటాకు మంటలా గుప్పున లేస్తుంది. బుల్స్ఐ, రెడ్ డాట్, యునిక్ అనే మందులు ఈ కోవలోవి. వాటిలోనూ యునిక్ కొంచెం నిదానం. రైఫిలు బ్యారెల్ పొడవు, గుండు బరువు. అక్కడ ఊక పొయ్యిలా నిలకడగా కాలుతూ గుండును తోసుకుంటూ పోయే మందు కావాలి. రసాయనం రెండింటిలోనూ దాదాపు ఒకటే, నైట్రోసెల్యులోజే ప్రధానం. గింజ ఆకారం, మందం, పైనున్న పూత మారితే కాలే వేగం మారిపోతుంది.

ఇక పోత గుండు సంగతి. సీసం మెత్తన. తగరం, యాంటిమొనీ కలిపి గట్టిపరిచినా, రాగి తొడుగున్న గుండులా అంత వేగాన్ని అది తట్టుకోలేదు. మితిమీరి తోస్తే బ్యారెల్ లోపలి గాడుల్లో సీసం అంటుకుపోతుంది, గురి చెడుతుంది. అంటే పోత గుండుకు కావలసింది తక్కువ వేగం, తక్కువ ఒత్తిడి.

ఇక్కడే పిస్తోలు మందు గెలుస్తుంది. చిటికెడు వేసినా పూర్తిగా, శుభ్రంగా కాలుతుంది. భుజానికి దెబ్బ తక్కువ, చప్పుడు తక్కువ. ఖర్చు లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఒక పౌను మందులో 7000 గ్రెయిన్లు. పెద్ద రైఫిలు తూటాకు 50 గ్రెయిన్ల చొప్పున పడుతుందనుకుంటే ఆ డబ్బాతో అయ్యేవి 140. అందులో అయిదో వంతుతో పని జరిగిపోతే 700. వారం వారం గురి సాధనకు రేంజికి వెళ్లేవాడికి ఇది చిన్న విషయం కాదు.

నిదానం మందును అంతే కొద్దిగా వేస్తే సరిపోదా అని అడిగాడు. సరిపోదు. ఈ మందులు ఒత్తిడి పెరిగేకొద్దీ జోరుగా కాలతాయి, ఒత్తిడి లేకపోతే నీరసిస్తాయి. తూటా తాలూకు పెద్ద ఇత్తడి గొట్టంలో కొద్దిపాటి నిదానం మందు సగం కాలీ కాలక, గింజలు గింజలుగా బ్యారెల్లో మిగులుతుంది. ఒక గుండు పోయిన చోటికి రెండోది పోదు. పైగా బాగా నిదానంగా కాలే మందును పట్టికలో ఇచ్చిన కనీసానికన్నా తగ్గిస్తే ఒత్తిడి ఊహించని విధంగా ఎగబాకే ప్రమాదం ఉందని తయారీదారులే హెచ్చరిస్తారు. తగ్గించి వాడవచ్చని వాళ్లే చెప్పిన రైఫిలు మందులు కొన్ని ఉన్నాయి. హాడ్జ్‌డన్ వారి హెచ్ 4895 అలాంటిది. ఆ జాబితాలో లేనిదాన్ని తగ్గించి ప్రయోగాలు చేయవద్దన్నాను.

ఇంతవరకు విన్నవాళ్లకు పిస్తోలు మందే మేలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, అతను తిరిగి వెళ్లాక ఒకరోజు వీడియో కాల్‌లో తన బల్ల చూపించేదాకా.

చెక్క పలకకు యాభై చిల్లులు, వాటిలో తూటాల యాభై ఇత్తడి గొట్టాలు మూతులు పైకి పెట్టి నిలబెట్టి ఉన్నాయి. రెడ్ డాట్ మందు నల్లటి రేకుల్లా ఉంది, మధ్య మధ్య ఎర్రటి రేకులు. నా మాట మీద ఒక గొట్టంలో ఒకసారి, పక్కదాంట్లో రెండుసార్లు వేసి, టార్చి పట్టి ఫోను దగ్గరికి తెచ్చాడు. “చెప్పండి బావగారూ, రెండుసార్లు వేసింది ఏది?” కళ్లజోడు సర్దుకుని చూశాను. మెడ సన్నం, లోపల చీకటి, అడుగున ఏదో నల్లగా ఉంది. లోతైన నూతిలో నీళ్లు మోకాలి లోతా, నడుము లోతా అన్నది గట్టు మీద నుంచి తెలుస్తుందా? ఎడమది అన్నాను. కుడిదట.

నాకు గుండె ఝల్లుమంది. మందు రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు. ఒత్తిడి పెరగడం వల్ల మందు ఇంకా వేగంగా కాలుతుంది, వేగంగా కాలడం వల్ల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తుపాకి పగిలితే పోయేది కన్నో, చెయ్యో. మధ్యలో ఫోను మోగినా, పిల్లలు పిలిచినా, “దీంట్లో వేశానా లేదా” అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ఆ సందేహాన్ని చూసి తీర్చుకునే వీలు లేని మందును పెద్ద గొట్టంలో వాడటం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ కొద్ది మందు అడుగున నిప్పు అంటించే ప్రైమరు దగ్గర పోగుపడిందా, గొట్టం పొడవునా పరుచుకుందా అన్నదాన్నిబట్టి వేగం మారడం ఇంకో లోపం. దానికి పేల్చేముందు తుపాకి మూతి పైకెత్తి దించుతారు. అది సర్దుకోగలిగిన లోపం, మొదటిది కాదు.

అందుకని మధ్యస్థమైనవాటి వైపు చూశాం. అల్లయెంట్ 2400 పిస్తోలు మందుల్లో నిదానమైనది. కొంచెం ఎక్కువ పడుతుంది, డబ్బాకు వచ్చే తూటాలు తగ్గుతాయి. కానీ గొట్టంలో అది ఉన్నట్టు కనబడుతుంది. రెట్టింపైతే పొంగిపొర్లుతుందని కాదు, టార్చి వేసి పక్కదానితో పోల్చితే దొరికిపోతుంది. ట్రైల్ బాస్ అని మరొకటి వచ్చింది. గింజ నడుమ చిల్లుతో బుల్లి గారెలా ఉంటుంది. గుల్లగా ఉండటంతో గొట్టం నిండుతుంది. పోత గుండ్ల కోసమే పుట్టిన మందు అది. దాన్ని గొట్టంలోకి నొక్కిపెట్టి కుదించకూడదు. దొరకడం మాత్రం గగనమైపోయిందని మా బావమరిది వాపోయాడు.

మందు గురించి ఇంత మాట్లాడాక ఇంకో మాట చెప్పాల్సివచ్చింది. తన బ్యారెల్లో సీసం అంటుకుంటోందని కూడా అతను చెప్పాడు. దానికి నా లెక్కలో మందు రెండో కారణమే, మొదటిది గుండు కొలత. గుండు వ్యాసం గాడుల వ్యాసంకన్నా అంగుళంలో వెయ్యో వంతో, రెండు వంతులో ఎక్కువ ఉండాలి. వదులైతే వేడి వాయువు పక్కనుంచి దూసుకుపోయి సీసాన్ని కోసేస్తుంది. ఏ మందు మార్చినా అది ఆగదు. గుండు అడుగున రాగి టోపీ తొడిగితే కొంత రక్షణ.

పోతపోసేటప్పుడు జాగ్రత్త గురించి మాత్రం అతనికి నేను చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు మా ఇద్దరికీ జాలరిపేటలో వల బరువుల కోసం సీసం కరిగించడం చూసిన అనుభవం ఉంది. 327 డిగ్రీల దగ్గర సీసం కరుగుతుంది. ఒకసారి తడి ఆరని అచ్చులో పోశారు. నీరు ఒక్కసారిగా ఆవిరై, సీసం చిటపటా ఎగిరి ఇసుకలో తెల్లటి చుక్కలై పడింది. పోసిన పెద్దాయన ముంజేతి మీద మచ్చ చాలాకాలం ఉండేది.

మొన్న ఫోను చేశాడు. రైఫిలుకు 2400 తెచ్చుకున్నాడట. రెడ్ డాట్ డబ్బాను పై అరలోకి మార్చి, పిస్తోలు తూటాలు చేసే రోజున తప్ప కిందికి దించడం లేదట. బల్ల మీద ఒకేసారి రెండు డబ్బాలు ఉండకూడదని వాళ్లావిడ చేత కూడా చెప్పించాను.