స్ప్రింగు ఎయిర్ రైఫిల్: నాలుగేళ్ల వాడకంలో తేలిన సంగతులు

కొన్న కొత్తలో నా రైఫిల్ ట్రిగ్గర్ నొక్కితే, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) అట్టకు తగిలిన చప్పుడు కంటే తుపాకి లోపలి మోతే ఎక్కువగా వినిపించేది. ఖాళీ బిందెను గరిటెతో కొట్టినట్టు ఠంగుమని మోగేది. చెక్కకు ఆనించిన చెంపలోంచి వణుకు పళ్ల దాకా పాకేది. బారెల్ వంచి ఎక్కుపెట్టే 4.5 మిల్లీమీటర్ల దేశవాళీ రైఫిల్ అది. ఎక్కుపెడితే లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది; ట్రిగ్గర్ నొక్కితే అది సిలిండర్‌లోని పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ఆ గాలి ఒత్తిడికి పెల్లెట్ బయటికి దూసుకెళ్తుంది. నేను విప్పి చూసిన మరో రెండింటి లోపలా ఇదే తీరు కనుక తయారీదారు పేరు రాయడం లేదు.

చెన్నై అంబత్తూరులో మా ఇంటి ముందుగది నుంచి పెరటి గోడ దాకా సరిగ్గా పది మీటర్లు. గోడ ముందు పాత గుడ్డలు కుక్కిన ఇనుప పెట్టె, దాని మీద కాగితపు లక్ష్యం. నాలుగేళ్లలో దాదాపు పన్నెండు వేల పెల్లెట్లు ఆ పెట్టెలోకే వెళ్లాయి.

ట్యూనింగ్ (లోపలి భాగాలను సరిచేసుకోవడం) అనగానే అందరూ బలమైన స్ప్రింగు గురించే అడుగుతారు. నేనూ మొదట అదే వేశాను, నెల తిరక్కుండా తీసేశాను. ఎక్కుపెట్టడానికి భుజం నొప్పి, అదురు రెట్టింపు, గురి మాత్రం ఇంకా చెడింది. పైగా మన దేశంలో పెల్లెట్ శక్తి 20 జౌల్స్ దాటితే లైసెన్సు కావాలి. కాగితం మీద చిల్లు పెట్టడానికి నా రైఫిల్ ఇచ్చే ఏడు జౌల్స్ చాలు.

అసలు జబ్బు గైడులో ఉంది. స్ప్రింగు వంకర పోకుండా దాని లోపల ఉండే కడ్డీనే గైడు అంటారు. నా దానిలో స్ప్రింగు లోపలి కొలత 14.2 మిల్లీమీటర్లు, గైడు మందం 13.1. ఆ ఖాళీలో స్ప్రింగు విడుదలైన ప్రతిసారీ గైడుకు కొట్టుకుంటూ మోగుతోంది. దీనికి తోడు స్ప్రింగు రైఫిల్‌కు రెండు కుదుపులు ఉంటాయి. పిస్టన్ ముందుకు దూకినప్పుడు తుపాకి వెనక్కి వస్తుంది; గాలి దిండుకు తగిలి పిస్టన్ ఆగినప్పుడు ముందుకు లాగుతుంది. పెల్లెట్ బారెల్ దాటేలోపే ఇదంతా మొదలవుతుంది.

పారిశ్రామికవాడలో లేత్ నడిపే ఒక పెద్దాయన దగ్గరికి స్ప్రింగు పట్టుకెళ్లాను. నెల్లూరు మనిషి. వేలితో స్ప్రింగును గైడు మీద ఊపి చూసి, "ఇంత వదులుగా ఉంటే మోగదా బాబూ? బిగుతుగా చేద్దాం, కొవ్వు రాసినట్టు జారాలి కూడా" అన్నారు. తెల్లటి డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) కడ్డీని లేత్‌కు బిగించారు. సేమ్యా పోగుల్లా తురుము రాలుతోంది. కొంచెం చెక్కడం, ఆపడం, స్ప్రింగు తొడిగి చూడడం. 14.3 దగ్గర ఆపారు. చేత్తో మెలితిప్పితే గాని స్ప్రింగు ఎక్కలేదు. ఇంత బిగువైతే ఇరుక్కుపోదా అని అడిగాను. "నొక్కితే చుట్టు విచ్చుకుంటుంది, అదే చోటిస్తుంది" అన్నారు. నిజమే, ఇప్పటికీ ఒక్కసారి కూడా పట్టేయలేదు. మొత్తం కూలి నాలుగు వందలు.

ఇంటికి వచ్చి సిలిండర్ గాడి అంచుల్లోని పదును ముళ్లను సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చేశాను. అవి అలాగే ఉంటే కొత్త సీలును (పిస్టన్ ముందు గాలి తప్పించుకోకుండా ఆపే వాషరు) ఎక్కిస్తున్నప్పుడే కోసేస్తాయి. పిస్టన్ పక్కలకు మాలిబ్డినం గ్రీజు పలుచగా, స్ప్రింగుకు చిక్కటి గ్రీజు కొద్దిగా రాశాను. సీలు ముందు భాగానికి ఏమీ రాయలేదు. అంతకుముందు ఒకసారి సిలిండర్ నుంచి బారెల్‌లోకి గాలి వెళ్లే రంధ్రంలోంచి కుట్టుమిషను నూనె చుక్కలు వేశాను. ఒత్తిడికి నూనె అంటుకుని, తుపాకి నిజంగానే పేలినట్టు మోగింది, నీలి పొగ వచ్చింది, సీలు అంచు మాడింది. ఆ తప్పు ఎవరూ చేయకండి.

ట్యూనింగ్ తర్వాత పేల్చిన మొదటి పెల్లెట్ ఇప్పటికీ గుర్తుంది. 'టప్' అంతే, మోత లేదు. ఐదు పెల్లెట్ల చిల్లులు పరుచుకునే వెడల్పు 35 మిల్లీమీటర్ల నుంచి 15కి వచ్చింది. సగటు వేగం మారలేదు. ఒక పెల్లెట్‌కూ ఇంకో పెల్లెట్‌కూ మధ్య తేడా మాత్రం బాగా తగ్గింది. ఇందులో కొంత ఘనత చేతిదీ. స్ప్రింగు రైఫిల్‌ను బిగించి పట్టకూడదు, అరచేతిలో ఊరికే ఆననివ్వాలి, దాని కుదుపు దాన్ని కుదపనివ్వాలి.

చెన్నై గాలితోనే నాకు ఎక్కువ తంటా. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు వారం పాటు తుపాకిని అల్మరాలోంచి తీయలేదు. తీసేసరికి బారెల్ మీద గోధుమరంగు చుక్కలు. అప్పటి నుంచి వాడిన ప్రతిసారీ నూనె గుడ్డతో తుడుస్తున్నాను. మూడో ఏట స్ప్రింగు రెండు సెంటీమీటర్లు కుంగింది, మార్చాను. డెల్రిన్ గైడు మాత్రం అదే.

విప్పేవాళ్లకు ఒక మాట: లోపల స్ప్రింగు ఎప్పుడూ కొంత నొక్కుకునే ఉంటుంది. బిగింపు చట్రం లేకుండా పిన్ను కొడితే మొహం మీదికి దూసుకొస్తుంది. ట్రిగ్గర్ కొక్కేన్ని ఆకురాయితో రుద్దడం నాకు అసలు ఇష్టం లేదు. పెల్లెట్ పెడుతుండగా అది జారితే బారెల్ మూసుకుని వేళ్లు విరుగుతాయి. ఎక్కుపెట్టాక బారెల్‌ను రెండో చేత్తో పట్టుకునే పెల్లెట్ పెట్టాలి.

వానలు తగ్గాక మళ్లీ విప్పుతాను. కొత్త సీలు ఒకటి తెచ్చి డబ్బాలో పెట్టాను.