చిల్లుల బ్రేకు డిస్కుల నుంచి సాదా డిస్కులకు: ఆక్టేవియాతో నాలుగేళ్ల అనుభవం

హనుమకొండలో ఉంటూ వారానికి ఒకసారైనా హైదరాబాద్ పోయి రావలసిన ఉద్యోగం కాబట్టి, నా 2015 మోడల్ స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ ఎక్కువగా తిరిగేది 163వ జాతీయ రహదారి మీదనే. కంపెనీ నుంచి వచ్చినప్పుడే 180 పీఎస్ (అశ్వశక్తి) ఉన్న ఇంజనును చాలదన్నట్టు రీమ్యాప్ (ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చి బలం పెంచడం) కూడా చేయించాను. నిజానికి బ్రేకులకు ఇంజను బలంతో నిమిత్తం లేదు, బండి బరువుతో, వేగంతోనే లెక్క: గంటకు 100 కిలోమీటర్ల నుంచి ఆపడానికి పుట్టే వేడితో పోలిస్తే 140 నుంచి ఆపడానికి పుట్టేది దాదాపు రెట్టింపు. కోమళ్ల టోల్ దాటాక రోడ్డంతా మనదేనన్నట్టు కనిపిస్తుంది; అంతలోనే డివైడర్ సందులోంచి వడ్ల ట్రాక్టరు ఒకటి తాపీగా అడ్డం తిరుగుతుంది.

2019లో బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణకడం, పెడల్ కాలి కింద కొట్టుకోవడం మొదలైంది. "డిస్కు బెండయింది సార్, ఒకసారి లేతుకు పట్టిస్తే సాఫయితది" అన్నాడు మెకానిక్. మా బండి ముందు డిస్కు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేకు పట్టేది దీన్నే) వ్యాసం 312 మి.మీ., కొత్తదాని మందం 25 మి.మీ., 22కి దిగితే తీసేయాలి. నావి అప్పటికే 22.6 దగ్గర ఉన్నాయి. రెండు వైపులా 0.3 మి.మీ. చొప్పున లేతు మీద గీకిస్తే కనిష్ఠం దగ్గరే ఆగుతాయి కనుక మార్చడమే నయమనుకున్నాను. మందం కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: అరిగిన డిస్కు అంచున గట్టులా ఒక చుట్టు మిగులుతుంది, వెర్నియర్ దవడలు దాని మీద కూర్చుని ఎక్కువ మందం చూపిస్తాయి. మైక్రోమీటరుతో, బ్రేకు ప్యాడు (డిస్కును నొక్కి పట్టే బిళ్ల) తగిలే చోట నాలుగైదు చోట్ల కొలవాలి.

అప్పుడు అందానికి పడిపోయి చిల్లుల డిస్కులు తెప్పించాను. అల్లాయ్ చక్రాల సందుల్లోంచి చూడముచ్చటగా ఉండేవి, వానలో మొదటి నొక్కుకు పట్టు కాస్త ముందే దొరికినట్టు కూడా అనిపించేది. కానీ ములుగు, తాడ్వాయి వైపు రెండు వానాకాలాలు తిరిగేసరికి సగం చిల్లులు మట్టితో, ప్యాడు పొడితో కలిసి సిమెంటు పోసినట్టు పూడిపోయాయి. ఒకరోజు చక్రం విప్పితే ఒక చిల్లు నుంచి పక్క చిల్లు దాకా వెంట్రుకంత పగులు కనిపించింది. గోరు పెట్టి గీస్తే తట్టింది. చిల్లు చుట్టూ ఇనుము పదేపదే వేడెక్కి చల్లారితే పగులు అక్కడే మొదలవుతుంది. అమ్మిన దుకాణం వాళ్లు "రేసింగ్ చేసి ఉంటారు" అని చేతులు దులుపుకున్నారు.

2021లో బ్రెంబో కంపెనీ సాదా డిస్కులు వేయించాను: చిల్లులు లేవు, గాట్లు లేవు, ఎక్కువ కార్బన్ ఉన్న పోత ఇనుము, పైన తుప్పు పట్టకుండా పూత. ఆ కార్బన్ వల్ల వేడి త్వరగా పాకుతుంది, కీచుమనే కంపనమూ తగ్గుతుంది. ఒకే మోడల్ కారుకు ఇంజనును బట్టి వేర్వేరు వ్యాసాల డిస్కులు వస్తాయి కాబట్టి మోడల్ పేరు చెప్పి కొనకుండా, ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు సరిచూసుకునే తెప్పించాను.

డిస్కు ఎంపిక కన్నా బిగింపు దగ్గరే ఎక్కువ కష్టపడ్డానని చెప్పాలి. డిస్కును హబ్‌కు (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం) పట్టి ఉంచే చిన్న టోర్క్స్ స్క్రూ (నక్షత్రం గాడి తలది) తుప్పుతో అతుక్కుపోయి, తల అరిగిపోతే డ్రిల్ పెట్టి తీయవలసి వచ్చింది. లోపల హబ్ ముఖం మీద తుప్పు పెచ్చులు కట్టి ఉంది. పాత వణుకుకు అసలు కారణం అదే అయి ఉంటుందని నా అనుమానం. జనం డిస్కు వంగిందంటారు గాని, చాలాసార్లు జరిగేది వేరు: హబ్ మీద డిస్కు సరిగ్గా ఆనక కాగితమంత ఊగుతూ తిరిగితే, ప్రతి చుట్టులో ప్యాడు ఒకే చోట రాసుకుని ఆ భాగం పలచబడుతుంది, మందంలోని ఆ తేడాయే వేల కిలోమీటర్ల తరువాత పెడల్‌లో తెలుస్తుంది. అందుకే హబ్‌ను తీగ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దించాను. గాలి గన్నుతో బిగించనివ్వకుండా, టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) చక్రం బోల్టులను 120 న్యూటన్ మీటర్లకు, ఎదురెదురు క్రమంలో బిగింపజేశాను. ఆ కుర్రాడు నన్ను ఛాదస్తుడిలా చూశాడు.

ప్యాడ్లు కూడా కొత్తవే వేయించాను. ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి అమరడానికి మరునాడు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద వేగాన్ని 80 నుంచి 20 దాకా పదిసార్లు తగ్గించి, ఎక్కడా పూర్తిగా ఆపకుండా, చల్లారేదాకా నడిపాను.

ఇప్పటికి 52 వేల కిలోమీటర్లయ్యాయి, వణుకు తిరిగి రాలేదు. ఏటా ఆదిలాబాద్‌లోని అత్తగారింటికి పోయి వచ్చేటప్పుడు నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతాం. ఒకసారి ఐదుగురితో, నిండిన డిక్కీతో దిగుతుంటే పెడల్ కాస్త లోతుకు పోయింది గాని, అది డిస్కుల తప్పు కాదు, మూడేళ్లుగా మార్చని బ్రేక్ ఆయిల్‌ది. రెండేళ్లకోసారి మార్చాలని తెలిసీ బద్ధకించాను. లోపాల్లేవని అనను: ప్యాడు రాసే ముఖం మీద పూత మొదటి రోజే పోతుంది కాబట్టి, రాత్రి వానలో నిలిపితే పొద్దున అక్కడ ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది, మొదటి రెండు మూడు నొక్కులకు గరగరమంటుంది. జతకు 14 వేలు దాటింది, స్థానికంగా దొరికే వాటి కన్నా బాగా ఎక్కువే.

ఈ వానలకు ముందు కొలిస్తే ఎడమది 23.7, కుడిది 23.6 మి.మీ. ఉన్నాయి. 22కి దిగేలోపు ఇంకొక జత ప్యాడ్లు అరుగుతాయి. అప్పుడు ఇవే మళ్లీ తెప్పిస్తాను, టోర్క్స్ స్క్రూలు రెండు అదనంగా.