త్యాగయ్య బాటా, శ్యామశాస్త్రి బాటా?

కొత్తగా కర్ణాటక సంగీత కృతులు కట్టే నెల్లూరు, ఒంగోలు పిల్లలకు, ఈ ఇద్దరు వాగ్గేయకారుల్లో ఎవరి పద్ధతి పట్టాలా అని వచ్చే సందేహమిది. త్యాగయ్య పూర్వీకులది మన ఉమ్మడి ప్రకాశంలోని కాకర్లే. అయినా అభిమానం కాదు, అవసరం చూసుకోవాలి.

ఖర్చు: రెండింటికీ గురువు, శ్రుతిపెట్టె చాలు.

శ్రమ: త్యాగయ్య దగ్గర సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, నేర్చుకోవాలి. ‘చక్కని రాజమార్గము’ పల్లవి పాడి చూడండి, ఒక్కో సంగతీ ఖరహరప్రియ రాగాన్ని ఇంకొంచెం విప్పుతుంది. శ్యామశాస్త్రి దగ్గర తాళం లెక్క గట్టిది. ఆయన భైరవి రాగ స్వరజతి (స్వరాలకు మాటలు కట్టిన రచన) మిశ్రచాపు తాళంలో ఉంటుంది, 3+4 కలిపి ఏడు లెక్కలు. చరణాలు షడ్జం (స) నుంచి ఒక్కో స్వరం మెట్టెక్కుతూ మొదలవుతాయి.

ప్రమాదం: సంగతులు ఊరికే పేరిస్తే మాట విరుగుతుంది. స్వరసాహిత్యంలో, అంటే స్వరాలకు కట్టిన మాటల్లో, దీర్ఘస్వరం కింద హ్రస్వాక్షరం పడితే ‘మదిలో’ కాస్తా ‘మాదిలో’ అవుతుంది. తెలుగు చెవికి వెంటనే గుచ్చుకునే తప్పిది.

మాట మీద పట్టుండి రాగం పలచగా ఉంటే త్యాగయ్యతో మొదలెట్టండి. గొంతులో రాగముండి లయ జారుతుంటే స్వరజతే.