పీఎస్4 ప్రో మోత: పేస్టు మార్చాక తగ్గింది, ఫ్యాన్ల స్టాండు దండగ

2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోనీ గేమింగ్ కన్సోల్ పీఎస్4 ప్రో బెజవాడ పటమటలోని మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. ఆట విషయంలో వంక పెట్టక్కర్లేదు, గొడవంతా మోతతోనే. మే నెల మధ్యాహ్నం ఏదైనా పెద్ద ఆట పెట్టి కాసేపైతే చాలు, వంటింట్లో మిక్సీ వేసినట్టే. హాల్లో కునుకు తీస్తున్న నాన్న లేచి "ఒరేయ్, దాన్ని కట్టెయ్యరా ముందు" అనేవారు.

ఈ ప్రో మోడల్ 2016 నవంబరులో వచ్చింది. స్టిక్కర్ మీద మోడల్ పేరులో సీయూహెచ్ తర్వాత 70, 71తో మొదలయ్యే నంబర్లుంటే మోత కాస్త ఎక్కువే. 2018లో వచ్చిన 72 సిరీస్ నయం. నాది 71. లోపల ఒకటే పెద్ద బ్లోయర్ ఫ్యాన్ ఉంటుంది, చిప్ వేడెక్కేకొద్దీ అది జోరు పెంచుతుంది. కాబట్టి వేడి ఎక్కడ ఆగిపోతోందో చూడకుండా ఫ్యాన్ మార్చేయమంటే ఒప్పుకోకండి.

ముందు పైసా ఖర్చు లేని పని చేశాను. టీవీ కింద చెక్క గూట్లోంచి దాన్ని బయటికి తీసి, గోడకి జానెడు ఎడంగా బల్ల మీద పెట్టాను. ఇది పక్కల నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతుంది. గూట్లో ఉంటే వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. దీంతో కొంత తగ్గింది. కానీ బెజవాడలో ఎండ 44, 45 డిగ్రీలున్న రోజు ఏసీ లేని హాల్లో గాలే కాగుతుంటే ఫ్యాన్ మాత్రం ఏం చేస్తుంది?

అసలు తేడా తెచ్చింది విప్పించి శుభ్రం చేయించడమే. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి గవర్నర్‌పేటలో ఒక రిపేర్ కుర్రాడి దగ్గర కూర్చుని, నా కళ్ల ముందే చేయించాను. దీనికి మధ్యలో బొడిపె ఉండే నక్షత్రం స్క్రూలుంటాయి, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. పవర్ సప్లై, ఫ్యాన్ ఒక్కోటీ తీశాక హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు దిమ్మె) రేకుల సందుల్లో దుమ్ము మెత్తగా అట్టకట్టి కనిపించింది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దుమ్ము ఎక్కడికి పోతుంది మరి! దుమ్ము ఊదే బ్లోయర్ కొట్టే ముందు అతను ఫ్యాన్ రెక్కని వేలితో నొక్కిపట్టాడు. "ఊరికే వదిలేస్తే గాలికి గిర్రున తిరిగి బేరింగ్ పోద్దన్నా" అన్నాడు. బోర్డు బయటికి తీస్తే చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే పాత పేస్టు ఎండి, గీకితే పొడి పొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పూశాడు. పక్కన మెమరీ చిప్‌ల మీదుండే మెత్తటి ప్యాడ్లు చిరగకుండా చూసుకోమన్నాను. నిజానికి చెప్పక్కర్లేదు, అతనికి నాకంటే బాగా తెలుసు.

ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి. మోత పూర్తిగా పోలేదు, ఫ్యాన్ తిరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. కానీ ఆటలో మాటలు వినడానికి టీవీ సౌండు పెంచాల్సిన పని లేదు. కొన్ని ఆటల్లో మాత్రం మ్యాప్ తెరవగానే ఇప్పటికీ ఒక్కసారిగా హోరెత్తుతుంది.

మాది ఫుల్ హెచ్‌డీ టీవీ. మీదీ అదే అయితే వీడియో సెట్టింగ్స్‌లో సూపర్‌శాంప్లింగ్ ఆపి చూడండి. అది ఆన్‌లో ఉంటే, 4కే కోసం చేసే పనంతా చేసి, ఆ బొమ్మని మన టీవీకి సరిపడా కుదించి చూపిస్తుంది. ఆపితే కొన్ని ఆటల్లో చిప్‌కి పని తగ్గి మోత దిగుతుంది, కొన్నింట్లో ఏ తేడా లేదు.

హార్డ్‌డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేశాక లోడింగ్ చురుగ్గా అయింది గానీ ఫ్యాన్ జోరు అంతే. యూఎస్‌బీతో నడిచే ఫ్యాన్ల స్టాండు శుద్ధ దండగ. లోపలి వేడి ఏమాత్రం తగ్గదు, పైగా దాని కీచుమోత అదనం.

డిస్కు పెట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే గరగర మాత్రం అలాగే ఉంది. దానికి మందు లేదు, డౌన్‌లోడ్ ఆటలు కొనుక్కోవడం తప్ప.